కడుపు ఎవరిది? నీళ్లు ఎవరివి?
‘డ్యూన్’ కథలో ఆడవాళ్లు, మన ఊళ్లో ఆడవాళ్లు

(చెవిటికల్లులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మమ్మది ఈ ఊరే. అందుకని నన్ను ముఖ్య అతిథి అంటుంటే కాస్త సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి ఇక్కడి ఏటి ఇసుకలో ఆడుకున్నదాన్ని. కృష్ణ పక్కనే ఉన్నా ఎండాకాలంలో పాయ దూరంగా జరిగిపోయేది. అమ్మమ్మ ఇసుకలో చెలమ తవ్వి, పక్కనే కూర్చుని, మొదట ఊరిన మురికి నీళ్లు పారబోసి, తేట నీళ్లు ఊరాక ముంతతో తోడి బిందె నింపేది. ఈ రోజు నేను చెప్పబోయే కథ కూడా ఇసుక గురించీ, ఇసుక కింద దాచుకున్న నీళ్ల గురించీ. అందుకే చెలమతో మొదలుపెట్టాను.

నిర్వాహకులు నన్ను స్త్రీల పునరుత్పత్తి హక్కుల మీద మాట్లాడమన్నారు. ఏర్పాట్ల కోసం ఫోన్ చేసిన అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మాటల్లో ఆ అమ్మాయీ, స్నేహితురాళ్లూ కలిసి ఫోన్లో ‘డ్యూన్’ సినిమా రెండు భాగాలూ చూశామని చెప్పింది. “మేడం, అందులో వాళ్లమ్మ అన్ని విద్యలు తెలిసిన మనిషి కదా, మరి ఎప్పుడు చూసినా కొడుకు వెనకే ఎందుకు నడుస్తుంది?” అని అడిగింది. ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు చదివిన నవలలు మళ్లీ తీశాను. చదివేకొద్దీ నాకు ఇచ్చిన అంశమూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నా ఒకటేననిపించింది. కాబట్టి ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు.

ఇసుక గ్రహం

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రాసినాయన ఫ్రాంక్ హెర్బర్ట్ అనే అమెరికన్ పత్రికా రచయిత. 1950లలో అక్కడి ఆరెగాన్ రాష్ట్రంలో, సముద్రతీరపు ఇసుకదిబ్బలు రోడ్ల మీదికి నడిచి రాకుండా గడ్డి నాటి ఆపుతున్న తీరు చూసి ఒక వ్యాసం మొదలుపెట్టాడు. వ్యాసం అచ్చు కాలేదు గానీ ఇసుక ఆయన్ని వదల్లేదు. ఆ ఆలోచనే నవలై 1963 నుంచి ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు కాదన్న తర్వాత 1965లో పుస్తకమైంది. 1985 నాటికి మొత్తం ఆరు నవలలయ్యాయి. 1984లో ఒకసారి, మళ్లీ 2021, 2024లలో రెండు భాగాలుగా సినిమా తీశారు.

ఈ వివరాలతో పాటు సాధారణంగా ఎవరూ చెప్పని ఒక వివరం ఉంది. ఆయన ఈ నవల కోసం ఏళ్ల తరబడి చదువుకుంటూ, రాసుకుంటూ ఉన్న కాలంలో ఇల్లు గడిచింది ఎక్కువగా భార్య బెవర్లీ జీతం మీద. ఆమె దుకాణాలకు ప్రకటనలు రాసే ఉద్యోగం చేసింది. వాళ్లిద్దరూ 1946లో కలుసుకున్నది కథా రచన నేర్పే తరగతిలో. అప్పటికి ఇద్దరూ కథలు రాసి అమ్ముకున్నవాళ్లే. తర్వాత ఒకరి పేరే ప్రపంచానికి తెలిసింది. ఇంటి శ్రమ విభజన గురించి మనం ఎప్పుడూ చెప్పుకునే మాటకు ఇదొక ఉదాహరణ.

కథాకాలం ఇప్పటికి వేల ఏళ్ల తర్వాత. మనుషులు నక్షత్రాల మధ్య తిరుగుతుంటారు. ఆలోచించే యంత్రాలను ఒకప్పుడు పెద్ద యుద్ధం చేసి నిషేధించారు. ఇంత దూరం వెళ్లాక కూడా పైన చక్రవర్తి, కింద వంశాలు, ఎస్టేట్ల మాదిరిగా గ్రహాల పంపకాలు, వారసుల కోసం తాపత్రయం. ఒకప్పుడు ఈ నందిగామ తాలూకాలోనే ఉన్న మునగాల పరగణా కథలు మన పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. ఈ వ్యవస్థ మనకు కొత్తదేమీ కాదు.

అరాకిస్ అనే గ్రహం నిండా ఇసుక. వాన పడదు. ఆ ఇసుకలో మాత్రమే ఒక దినుసు దొరుకుతుంది. తింటే ఆయుష్షు పెరుగుతుంది, అలవాటు పడ్డవాళ్లు మానేస్తే చనిపోతారు. అది లేకుండా నక్షత్రాల మధ్య ఓడలు నడపలేరు. అందుకని దాని కోసం వంశాలు కొట్టుకుంటుంటాయి. ఆ ఇసుకలోనే పుట్టి పెరిగిన ఫ్రెమెన్ అనే జనానికి మాత్రం ఆ సంపదలో వాటా లేదు.

ఒక ఘట్టంలో, దినుసు తవ్వే పెద్ద యంత్రం పని చేస్తుండగా ఆ చప్పుడుకు ఇసుక కింద నుంచి రాకాసి పురుగు వస్తుంది. యంత్రాన్ని ఎత్తుకుపోవలసిన విమానం సమయానికి రాదు. డ్యూక్ లీటో అనే ప్రభువు సరుకు పోతే పోయిందని మనుషులను తన విమానాల్లో ఎక్కించుకుని బయటపడతాడు. ఇది మళ్లీ చదువుతుంటే నాకు 2021 ఆగస్టు గుర్తొచ్చింది. ఎగువ నుంచి ఒక్కసారిగా వరద వచ్చి, ఈ చెవిటికల్లు దగ్గరే ఏట్లో వందకు పైగా ఇసుక లారీలు చిక్కుకున్నాయి. మనుషులను పడవల మీద ఒడ్డుకు చేర్చారు. నేను చూసిన పేపర్లన్నీ లారీల ఫొటోలు వేశాయి. అన్ని లారీల ఇసుక పోయిన చోట చెలమలో నీరు ఎంత లోతుకు దిగిపోయిందో వాటిలో లేదు. చెలమ లెక్క ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది, ఆ లెక్క ఎవరూ అడగరు.

నీళ్ల బరువు

అరాకిస్ లో నీళ్లే ధనం. ఫ్రెమెన్ జనం ఒంటి చెమటను, ఊపిరిలోని తడిని కూడా తిరిగి తాగేందుకు వీలైన దుస్తులు తొడుక్కుంటారు. చనిపోయిన మనిషి ఒంట్లోని నీరు సైతం తెగకు చెందుతుంది. అక్కడ ఎవరైనా కన్నీరు కారిస్తే, చనిపోయినవాళ్లకు నీళ్లు దానం చేశారని చుట్టూ ఉన్నవాళ్లు నివ్వెరపోతారు.

ప్రభువుల ఇంట్లో మాత్రం వేరే ఆచారం. భోజనానికి ముందు చేతులు కడుక్కుని నీళ్లు నేల మీద చిమ్ముతారు. తుండ్లతో తుడిచి బయట పడేస్తారు. ఆ తుండ్లు పిండిన నీళ్లు వాకిట్లో పేదలకు అమ్ముతారు. డ్యూక్ లీటో ఈ ఆచారాన్ని తీసేయిస్తాడు. అదే ఇంట్లో తడి దేశాల మొక్కలు పెంచే ఒక గది ఉంటుంది. బయట ఒక చెంబు నీళ్లకు జనం చచ్చిపోతుంటే లోపల పూల మొక్కలకు పోస్తున్న నీళ్లు చూసి లేడీ జెస్సికా నిలబడిపోతుంది.

మన మెట్టలో ఎక్కడ చూసినా ఈ రెండు గదులూ కనిపిస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములు మనవి. నీళ్లు వదిలారన్న వార్త ముందొస్తుంది, నీళ్లు తర్వాతెప్పుడో వస్తాయి. నీటి సంఘంలో ఎవరు మాట్లాడతారు? భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లు. బిందె మోసేది ఎవరు? భూమి తమ పేరున లేనివాళ్లు. హెర్బర్ట్ నీటి గురించి అంత లోతుగా ఆలోచించి కూడా, ఆ కొండగుహల్లో నీళ్లు మోసి వంటలు చేసే చేతుల మీద ఎక్కువసేపు నిలవలేదు. అయినా నీరు ఎవరి చేతిలో ఉంటే అధికారం వాళ్లదని ఇంత గట్టిగా చెప్పిన నవల ఆ కాలంలో అరుదు. ఆ మర్యాద ఆయనకు ఇవ్వాలి.

జెస్సికాకు వచ్చిన ఆజ్ఞ

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

ఈ ప్రపంచంలో బెనె గెస్సెరిట్ అనే స్త్రీల సంఘం ఉంది. గొంతు మార్చి ఎదుటివాళ్ల చేత పని చేయించగలరు, ఒంట్లో ప్రతి కండనూ అదుపు చేయగలరు, పుట్టబోయేది ఆడో మగో తామే నిర్ణయించుకోగలరు. ఇంత శక్తి పెట్టుకుని వాళ్లు తరతరాలుగా చేసే పని ఏమిటంటే వంశాలు కలపడం. ఎవరి కడుపున ఎవరు పుట్టాలో జాబితాలు రాసుకుంటారు. చివరికి తమకు కావలసిన ఒక మహాపురుషుడు పుట్టాలని వాళ్ల పథకం. గమనించండి, వేల మంది తెలివైన ఆడవాళ్ల కృషికి గమ్యం ఒక మగబిడ్డ.

జెస్సికాను ఆ సంఘమే పెంచి డ్యూక్ లీటో దగ్గరకు పంపింది. తల్లిదండ్రులెవరో కూడా ఆమెకు చెప్పలేదు. లీటోకు ఆడపిల్లనే కనాలని ఆజ్ఞ. ఆ పిల్లను శత్రు వంశపు వారసుడికి ఇచ్చి, వాళ్లకు పుట్టే కొడుకును మహాపురుషుణ్ణి చేయాలన్నది లెక్క. జెస్సికా ఆజ్ఞ మీరింది. లీటోకు కొడుకు కావాలని ఉందని కొడుకును కన్నది. ఆ కొడుకే పాల్. ఆరు నవలల కథంతా ఈ ఒక్క కాన్పు నుంచి మొదలవుతుంది.

చాలామంది దీన్ని తిరుగుబాటు అంటారు. నేనూ హాస్టల్లో చదివినప్పుడు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆమె ముందు రెండు ఆజ్ఞలున్నాయి. ఆడపిల్లను కను అని సంఘం. పైకి అనకపోయినా, మగపిల్లాణ్ణి కను అని లీటో కోరిక. ఆమె ఒకటి కాదని రెండోది ఎంచుకుంది. నీకేం కావాలి అని ఆమెను ఎవరూ అడగలేదు. రచయిత కూడా అడగలేదు. కొడుకు వెనక నడవడమెందుకని ఆ అమ్మాయి అడిగింది కదా. రెండు ఆజ్ఞల మధ్య కన్న బిడ్డ అతను. అతను గెలిస్తేనే ఆమె చేసిన పని ఒప్పవుతుంది, లేకపోతే తప్పవుతుంది. కొడుకును కన్నందుకే ఇంట్లో విలువ దొరికిన తల్లులు మన చుట్టూ ఎంతమంది లేరు? వాళ్లు కొడుకు వెనక కాక ఎక్కడ నడుస్తారు?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. అమ్మమ్మ ఊరు కాబట్టి చెబుతున్నాను. నాకు మొదట పాప. 2010లో రెండోసారి నెల తప్పాను. అప్పటికి నేను సోషియాలజీలో పరిశోధన చేస్తున్నాను. ఆడపిల్లల సంఖ్య ఎందుకు తగ్గుతోందో నా నోట్సు నిండా రాసుకున్నాను. ఒకరోజు పొద్దున ఇంట్లో పెద్దవాళ్లు, “ఊరికే ఒకసారి చూపించుకుని వద్దాం రామ్మా” అన్నారు. ఎవరూ కేకలేయలేదు, ఎవరూ బెదిరించలేదు. ప్రేమగానే అన్నారు. ఎందుకు వెళుతున్నామో నాకు తెలుసు. తెలిసే కారెక్కాను. నా చదువు ఆ రోజు నన్ను కారెక్కకుండా ఆపలేదు.

ఒక పట్నంలో స్కానింగ్ సెంటరు. లింగ నిర్ధారణ నేరమని గోడ మీద బోర్డు ఉంది. లోపల మావాళ్లు మెల్లగా విషయం కదిపారు. ఆ డాక్టరమ్మ ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. గోడ మీది బోర్డు వైపు వేలు చూపించి, “అది చదువుకుని వెళ్లండి” అంది. అంతే. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. పుట్టింది ఎవరో మీకు చెప్పను. చెబితే కథ ఆ బిడ్డ మీదికి పోతుంది. నేను చెప్పదలచుకున్నది కారెక్కిన నా గురించి. ఆ డాక్టరమ్మ చెప్పేసి ఉంటే నేనేం చేసేదాన్నో ఈ రోజుకీ నాకు తెలియదు.

లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది. 1996 నుంచి అమలైంది. 2003లో దాన్ని మరింత గట్టిపరిచారు. చట్టాల వల్ల ఏమీ కాదనేవాళ్లకు నేను ఆ బోర్డు సంగతి చెబుతుంటాను. అయితే ఒక బోర్డు, ఒక డాక్టరు చాలరని జనాభా లెక్కలు చెబుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఆరేళ్ల లోపు మగపిల్లలు 1000 మందికి ఆడపిల్లలు 1991లో 975. 2001లో 961. 2011లో 939. చట్టం వచ్చాక కూడా తగ్గుతూ వచ్చారు.

“ఆడదానికి ఆడదే శత్రువు, అత్తగారే కదా మనవణ్ణి అడిగేది” అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. బెనె గెస్సెరిట్ పెద్దలూ ఆడవాళ్లే. కానీ వాళ్లు కాపాడుతున్నది ఎవరి ఆస్తిని? ఎవరి వంశాన్ని? పితృస్వామ్యం తన తాళం చెవులను ముసలి ఆడవాళ్ల కొంగుకు కట్టి ఉంచుతుంది. ఆస్తి మాత్రం వాళ్ల పేరున రాయదు. తాళాలున్నంత మాత్రాన ఇల్లు తనదైపోదని ఆ అత్తగారికి ముందు తెలియాలి.

తెలియకుండా పెట్టిన మందు

రెండో నవల 1969లో వచ్చింది. అందులో పాల్ చక్రవర్తి. అతను ప్రేమించినది చానీ అనే ఫ్రెమెన్ స్త్రీని. సింహాసనం కోసం పెళ్లి చేసుకున్నది పాత చక్రవర్తి కూతురు ఇరులాన్ ను. చానీకి ఎంతకీ పిల్లలు పుట్టరు. కారణం ఏమిటంటే, ఇరులాన్ ఆమెకు తెలియకుండా తిండిలో గర్భనిరోధక మందు కలుపుతూ వచ్చింది. ఆ సంగతి పాల్ కు తెలుసు. కాన్పయితే చానీ చనిపోతుందని అతనికి భవిష్యత్తు కనబడింది కాబట్టి మాట్లాడకుండా ఊరుకున్నాడు. చివరికి చానీ గర్భవతి అవుతుంది. ఆ మందు ఒంట్లో చేసిన చెరుపు వల్ల కవలలను కని చనిపోతుంది.

మందు పెట్టినామెకు తెలుసు, ప్రేమించినవాడికి తెలుసు. ఒళ్లు ఎవరిదో వాళ్లకు మాత్రం తెలియదు.

దీన్ని కల్పన అనుకోకండి. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్ చెరులో నెట్ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను పరీక్షలకు పేద ఆడవాళ్లను రప్పించారు. ఇది పరీక్ష అని, దుష్ఫలితాలు ఉండవచ్చని వాళ్లకు సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి ప్రశ్నించారు. ఇతర మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత పాతికేళ్లకు, మనకు పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ ద్వార కేన్సరు టీకా పరిశోధన మొదలుపెట్టారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆందోళన జరిగి 2010 ఏప్రిల్ లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ పిల్లకూ, ఆ పిల్ల తల్లికీ చెప్పారా లేదా అన్నదే మన ప్రశ్న.

ఆజ్ఞలు ఎలా మారతాయో చూడండి. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదంది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. ఎక్కువమందిని కనమని ఇప్పుడు వేదికల మీద చెబుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ లో 15 నుంచి 49 ఏళ్ల లోపు పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. నిన్న వద్దన్నారు, ఈ రోజు కావాలంటున్నారు. రెండుసార్లూ మాట్లాడింది వాళ్లే, మోసింది మనమే.

ఒక విషయం స్పష్టంగా చెబుతాను. గర్భం ఉంచుకోవాలా వద్దా అని స్త్రీ నిర్ణయించుకోవడం ఆమె హక్కు. ఫలానా బిడ్డే పుట్టాలని ఇంకొకరు శాసించడం హక్కు కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేయవద్దు. 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం అవసరం లేదు. ఆసుపత్రిలో అడిగితే ఈ మాట చెప్పండి.

భార్యలు, భార్యలు కానివాళ్లు

జెస్సికాను లీటో ప్రేమించాడు గానీ పెళ్లి చేసుకోలేదు. ఏ పెద్ద వంశంతోనైనా సంబంధం కలుపుకునే అవకాశం చేతిలో ఉండాలి కదా. పాల్ కూడా చానీని అలాగే ఉంచుకున్నాడు. మొదటి నవల చివర జెస్సికా చానీని ఓదారుస్తుంది, పేరుకు భార్య ఎవరైనా లోకం మనల్నే భార్యలుగా తలుచుకుంటుందని. సినిమా తీసినాయన దీన్ని మార్చి, చానీ కోపంతో వెళ్లిపోయినట్టు చూపించాడు. నాకు ఆ మార్పు నచ్చింది. లోకం తలుచుకుంటే కడుపు నిండదు. మన ఊళ్లలో ‘ఉంచుకున్న మనిషి’ అనిపించుకుని, అతను పోయాక శవం దగ్గరకు కూడా రానివ్వని ఆడవాళ్లను చూశాం. వివాహం లాంటి సంబంధంలో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఉందని 2005 గృహహింస చట్టం చెప్పింది. ఓదార్పు కన్నా ఆ ఒక్క సెక్షను ఎక్కువ.

హారా అనే స్త్రీ కథ సినిమాల్లో దాదాపు లేదు. ఆమె మొదటి భర్తను జామిస్ అనేవాడు పోరులో చంపి ఆమెను తెచ్చుకున్నాడు. జామిస్ ను పాల్ చంపాడు. ఆచారం ప్రకారం హారా ఒక ఏడాది పాటు పాల్ కు చెందుతుంది. భార్యగానా, పనిమనిషిగానా అని అడుగుతారు. అడిగేది హారాను కాదు, పాల్ ను. చిత్రమేమిటంటే, తర్వాత ఆ హారాయే ఆలియాకు అండగా నిలుస్తుంది. ఆలియా జెస్సికాకు తర్వాత పుట్టిన కూతురు. తల్లి కడుపులో ఉండగానే వెనకటి తరాల ఆడవాళ్ల జ్ఞాపకాలన్నీ ఆమెకు తెలిసిపోతాయి. పెద్దవాళ్లలా మాట్లాడే ఆ పసిపిల్లను చూసి జనం జడుసుకుంటారు. బెనె గెస్సెరిట్ ఆమెను అపచారమని ఈసడిస్తుంది. కొడుకుకు అన్నీ తెలిస్తే దేవుడయ్యాడు. కూతురికి అన్నీ తెలిస్తే దయ్యమైంది. మన ఇళ్లలో ‘ఆరిందా’, ‘పెద్ద నోరు’ అనిపించుకుంటున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

చివరి నవలల్లో ఇంకా ఘోరమైనది ఉంది. త్లైలాక్స్ అనే జాతివాళ్లు తొట్లలో మనుషులను తయారు చేసి అమ్ముతుంటారు. వాళ్ల ఆడవాళ్లను ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఎందుకు చూడలేదో ఎన్నో పుటల తర్వాత తెలుస్తుంది. ఆ తొట్లే ఆ ఆడవాళ్లు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అద్దె గర్భాల వ్యాపారాన్ని నిషేధిస్తూ మన దేశంలో 2021లో చట్టం చేశారు. చట్టం రావలసి వచ్చిందంటే వ్యాపారం జరిగిందనే కదా.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. మహాపురుషుల వెనక గుడ్డిగా పోవద్దని హెచ్చరించడానికే హెర్బర్ట్ ఈ కథ రాశాడు. పాల్ పేరు మీద జరిగిన యుద్ధాల్లో కోట్లాది మంది చచ్చిపోతారు. నాయకుణ్ణి ప్రశ్నించగలిగాడు ఆ రచయిత. ఇంటిని ప్రశ్నించలేకపోయాడు. యంత్రాలు లేని లోకాన్ని ఊహించగలిగాడు. వారసుడు అక్కర్లేని ఇంటిని ఊహించలేకపోయాడు.

ఇంటినే మార్చిన ఊహ

ఊహించినవాళ్లు లేరా? హెర్బర్ట్ కన్నా అరవై ఏళ్ల ముందే ఉన్నారు. అదీ మనకు దగ్గరలోనే. 1901లో మద్రాసు నుంచి స్త్రీల కోసం ఒక ఇంగ్లీషు పత్రిక మొదలైంది. పేరు ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’. నడిపినామె కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగామె. చదివింది మన బందరు నోబుల్ కాలేజీలో. 1905లో ఆ పత్రికలో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ వచ్చింది. రాసింది బెంగాల్ కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్. బడికి పంపకపోతే అన్నగారి దగ్గర రాత్రుళ్లు చాటుగా ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి.

ఆ కథలో ఒక దేశం. అక్కడ మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు, ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు. ఆడవాళ్ల విశ్వవిద్యాలయాలు రెండు. ఒక దానిలో మేఘాల నుంచి గొట్టాలతో నీళ్లు దించుకునే బెలూను కనిపెట్టారు. అందుకని అక్కడ కరువూ లేదు, వరదా లేదు. ఇంకొక దానిలో సూర్యుడి వేడిని పట్టి దాచుకోవడం కనిపెట్టారు. దానితోనే వంట. పొగ లేదు, బొగ్గు లేదు. అరాకిస్ లోనూ గాలిలోని తడిని పట్టే యంత్రాలున్నాయి. కానీ ఆ నీళ్లు వచ్చాక ఆడదాని పని ఏమైందన్న ప్రశ్న అక్కడ లేదు. రొకేయా మొదట ఆలోచించింది వంటగది గురించే. మగవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారమని నేను అనను, అది ఆమె వేసిన చురక. వరద లారీల మీదికి రాకముందే, పొగ కళ్లల్లోకి పోకముందే ఆలోచించగల బుద్ధి ఆడవాళ్లకు ఉందని చెప్పడం ఆమె ఉద్దేశం.

మన అమ్మమ్మలు చెలమ దగ్గర కూర్చున్నంతసేపూ ఏం ఆలోచించారో మనం రాసుకోలేదు. తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది 1986లో. అలాంటి పని ప్రతి ఊళ్లో మిగిలే ఉంది. ‘డ్యూన్’లో ప్రతి అధ్యాయం ముందూ ఇరులాన్ రాసిన చరిత్ర నుంచి కొన్ని మాటలుంటాయి. చాలావరకు భర్త గురించే. ఆమె తన గురించి రాసుకుంటే ఎలా ఉండేదో మనకు తెలియదు. మన సంగతి అలా కావద్దు.

నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయికి చివరగా రెండు పనులు చెబుతాను. ఒకటి, మీ ఇంట్లో పెద్ద ఆడమనిషి దగ్గర కూర్చుని ఎన్ని కాన్పులు, ఎవరు కనమన్నారు, ఎవరు వద్దన్నారు, ఎవరు సంతకం పెట్టారు అని అడిగి రాసుకోండి. రెండు, ఎప్పుడైనా ఎవరైనా ప్రేమగా కారెక్కమంటే, ఎక్కేముందు ఎక్కడికని గట్టిగా అడగండి. ఆ రోజు నేను అడగలేదు. మీరు అడిగితే చాలు, నేను ఈ ఊరు వచ్చినందుకు ఫలితం ఉన్నట్టే.

సెలవు.